ట్రిప్పు షీటులో ఆరో గడి

2025 ఏప్రిల్ 9, బుధవారం
తాడేపల్లిగూడెం

రాత్రి రెండు కావడానికి పది నిమిషాలుందనగా ఫోను మోగింది. లారీ రోడ్డు మీదున్న రోజుల్లో ఆ వేళప్పుడు ఫోను మోగితే ఎత్తడానికి చెయ్యాడదు. ఎత్తాను. "బండి బాగానే ఉంది బాబూ, మేమూ బాగానే ఉన్నాం" అన్నాడు బాబాయి. ముప్ఫై ఏళ్ల నుంచి స్టీరింగు పట్టినవాడు. ఓనరుకి ముందు ఏ మాట చెప్పాలో తెలుసు.

హైవే మీద ఒక జంక్షన్లో పోలీసులు ఆపారట. ఇంకా మన రాష్ట్రం దాటలేదు. కాగితాలడిగారు. సీ బుక్కు, ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, పర్మిట్టు, పొల్యూషను, అన్నీ ఫోనులో డిజిలాకర్ తెరిచి చూపించాడు. ఫోనులోవి చెల్లవు, ఒరిజినల్స్ తియ్యమన్నారు. ఒరిజినల్స్ మా ఇంట్లో బీరువాలో ఉన్నాయి. ఐసు నీళ్లకి తడిసిపోతాయని నేనే దాచాను. తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి ఓవర్‌లోడన్నారు. కాటా వెయ్యలేదు. బాబాయి లైసెన్సు తీసుకుని, తాళం చెవి లాగి జేబులో వేసుకున్నారు. ఐదు వేలు ఇవ్వు, లేకపోతే తెల్లారేదాకా బండి కదలదు అన్నారు.

"ఏం చెయ్యమంటావు బాబూ?"

కైకలూరులో సాయంత్రం ఎత్తిన చేప అది. బొచ్చె, శీలావతి. ఒక వరస చేప, ఒక వరస ఐసు. హౌరా మార్కెట్టు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఏప్రిల్లో తారురోడ్డు అర్ధరాత్రి కూడా వేడి కక్కుతుంది. బండి నిలబడిన ప్రతి గంటకీ ఐసు తరుగుతుంది, చేప కన్ను తెల్లబడుతుంది, అక్కడ రేటు పడిపోతుంది. అప్పుడు నా నోటి వెంట వచ్చిన మాట మర్చిపోకూడదని ఇక్కడ రాసిపెడుతున్నాను. "ఎంతకో అంతకి తెంపెయ్ బాబాయ్."

రెండు వేలకి తెగింది. గంటా ఇరవై నిమిషాలు పోయింది. రసీదు లేదు.

ఏప్రిల్ 10, గురువారం

బండి హౌరా చేరింది. సరుకు దిగింది. రేటులో కొంత కోత పడింది, భరించలేని కోతేం కాదు.

సాయంత్రం క్లీనరు కుర్రాడు ఫోను చేశాడు. వాడికి పంతొమ్మిదేళ్లు. అటూ ఇటూ మాట్లాడి చివరికి చెప్పాడు. "బాబాయి కిందకి దిగేటప్పుడు చెప్పులు కేబిన్లో వదిలేసి దిగాడండి. గంటసేపు ఒట్టి కాళ్లతోనే నిలబడ్డాడండి. లారీ కింద నుంచి ఐసు నీళ్లు కారి కారి ఆ సారు బూటు దాకా వచ్చినియ్యండి. ఆయన పక్కకి జరిగాడు గానీ తాళం ఇవ్వలేదండి."

ఎవరూ విప్పమనలేదు. ఆయనే విప్పాడు. అన్నం పెట్టినప్పటి నుంచీ ఆ చెప్పుల మాటే తిరుగుతోంది.

రాత్రి మా ఆవిడ ట్రిప్పు షీట్ల కట్ట ముందు వేసుకుంది. మా లెక్కలన్నీ తనే రాస్తుంది. షీటులో ఆరు గడులు. డీజిలు, టోలు, బత్తా, లోడింగు కూలి, పంక్చర్లు-రిపేర్లు, ఆరోది మామూళ్లు. ఆ గడి గీసింది నేనే. లారీ కొన్న మొదటి నెలలో, పక్క ఓనర్ల షీట్లు చూసి. "ఈ గడి ఏడాదిది కూడమంటారా?" అంది. కూడింది. లక్షా పదిహేడు వేల ఆరు వందలు. ఆ పక్కనే ఇన్సూరెన్సు కట్టిన కాగితం పెట్టి చూపించింది. ఏమీ అనలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

పొద్దున్నే ఏలూరు వెళ్లాను. ఉంగుటూరు, భీమడోలు, గుండుగొలను దాటి వెళ్తుంటే ఎదురొచ్చే ప్రతి లారీ కేబిన్లోకి చూస్తూనే ఉన్నాను. ప్లీడరు గారు పెద్దాయన. మా నాన్న పొలం కేసు నాటి నుంచీ తెలుసు. జరిగింది పూర్తిగా విన్నాక పాత పుస్తకం ఒకటి, కొత్త సవరణల పుస్తకం ఒకటి ముందు పెట్టారు. అర్థమైనంత వరకూ రాసుకుంటున్నాను.

కాగితాలు చూపించడం మన బాధ్యత. అందులో వాదనకి చోటు లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే డ్రైవరు లైసెన్సు చూపించి తీరాలి. మిగతా పత్రాల సంగతి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 139వ నియమం చెబుతుంది. దాన్ని 2018 నవంబరులో మార్చారు. కాగితం మీదైనా సరే, ఎలక్ట్రానిక్ రూపంలోనైనా సరే. 2020 అక్టోబరు 1 నుంచి ఇంకో మాట చేరింది. ఎలక్ట్రానిక్‌గా సరిచూసుకోగలిగిన పత్రానికి కాగితం అడగకూడదు. అంటే బాబాయి చూపించింది చెల్లుతుంది. ఆ రాత్రి చట్టం తెలియనిది బాబాయికి కాదు.

లైసెన్సు తీసుకోవడానికీ పద్ధతుంది. 206వ సెక్షను. పత్రం దొంగదని గానీ, డ్రైవరు పారిపోతాడని గానీ నమ్మడానికి కారణముంటే తీసుకోవచ్చు. 2019 సవరణ తర్వాత అతివేగం, తాగి నడపడం లాంటి కొన్ని నేరాలకీ తీసుకోవచ్చు. తీసుకుంటే చేతికి రసీదివ్వాలి. 207వ సెక్షను ఇంకా పెద్దది. రిజిస్ట్రేషను, లైసెన్సు, పర్మిట్టు లేకుండా తిరిగే బండినే నిలిపెయ్యొచ్చు. అప్పుడు విడిపించమని ఓనరు దరఖాస్తు పెట్టుకోవచ్చు. తాళం చెవి లాక్కోవచ్చని రెండు పుస్తకాల్లోనూ వెతికాను. నాకు కనపడలేదు.

ఓవర్‌లోడు సంగతికొస్తే, అనుమానం కంటితో తీరేది కాదు, కాటాతో తీరేది. 114వ సెక్షను ప్రకారం అధికారం ఉన్న అధికారి బండిని కాటాకి పంపించొచ్చు. వెళ్లే దారిలోనైతే ఏ చోటు నుంచైనా పది కిలోమీటర్ల లోపు, చేరాల్సిన ఊరి నుంచైతే ఇరవై కిలోమీటర్ల లోపు ఉన్న కాటాకి. మనం కాటాకి రామని మొరాయిస్తే దానికి వేరే జరిమానా, 40,000. కాబట్టి కాటా వెయ్యండి సార్ అనడం ఎదురు తిరగడం కాదు. చట్టం చెప్పిన దారి అదే.

ఇంతవరకూ వింటుంటే ధైర్యమొచ్చింది. ఆ తర్వాత చెప్పిన మాటకి చెమట పట్టింది. 2018 జులైలో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించారు. అప్పటి నుంచి లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే, ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చిన వాడికి ఒక దారి ఉంచారు. ఇచ్చిన ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చెయ్యాలి.

"మీరిచ్చింది తొమ్మిదో తారీకు తెల్లవారుజామున. ఈ రోజు పదకొండు" అన్నారాయన, కళ్లజోడు తీసి.

తిరిగొచ్చేటప్పుడు ఒక స్టేషను ఆవరణలో ఒక లారీ కనిపించింది. టైర్లు నేలలోకి దిగిపోయాయి, రేడియేటర్లోంచి వేపమొక్క పైకొచ్చింది. ఎన్నాళ్ల నాటిదో. ఇలాంటివి చూసే కదా మనం జేబులో చెయ్యి పెట్టేది. దీని గురించీ ప్లీడరు గారు చెప్పారు. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు, పట్టుకున్న వాహనాల్ని స్టేషన్లలో పడెయ్యొద్దు, తగిన పూచీ తీసుకుని త్వరగా విడుదల చెయ్యాలంది. నిరుడు జులై 1న అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షనులో గడువులు కూడా పెట్టారు. 14 రోజుల్లో కోర్టు వివరాల పట్టిక తయారు చెయ్యాలి, ఫొటోలు తీయించాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏం చెయ్యాలో తేల్చాలి. ఆ వేపమొక్క ఈ గడువులకి ముందే పుట్టి ఉంటుంది.

ఏప్రిల్ 13, ఆదివారం
కైకలూరు

ప్యాకింగ్ షెడ్డుకి వెళ్లాను, కాటా చీటీ కోసం. ఎనిమిదో తారీకు సాయంత్రం మా బండి తూకం వేసిన చీటీ గుమాస్తా గారి మేకుకి గుచ్చి ఉంది. బరువు హద్దులోనే ఉంది. చీటీ ఇక్కడ మేకుకి, బాబాయి అక్కడ ఒట్టి కాళ్లతో. వెంటనే మేకు నుంచి తీసి జేబులో పెట్టుకున్నాను.

ఆటపాక వైపు గూడబాతులు ఇంకా ఉన్నాయి. కొల్లేరు బాగా దిగిపోయింది. నిరుడు సెప్టెంబరులో బుడమేరు నీళ్లొచ్చి చిన ఎడ్లగాడి దగ్గర రోడ్డు మునిగినప్పుడు ఏలూరు వైపు దారే లేదు, ఇప్పుడు అక్కడ దుమ్ము లేస్తోంది. గట్టు మీద చెరువుల్లోంచి చేప వస్తూనే ఉంది. ఈ చేప హౌరాకి పోతుంది, గువాహటికి పోతుంది, పాట్నాకి పోతుంది. ఎన్ని జిల్లాలు, ఎన్ని జంక్షన్లు, ఎన్ని టార్చిలైట్లు.

టీ కొట్టు దగ్గర నలుగురు ఓనర్లం చేరాం. ఫిర్యాదు పెడతానన్నాను. ముగ్గురు వద్దన్నారు. "మళ్లీ అదే రోడ్డెక్కాలి కదా బావా. రెండు వేలకి పోయిందాన్ని రెండేళ్లు తిప్పుకుంటావా?" వాళ్లని తప్పు పట్టలేను. పదో తారీకు దాకా నేనూ అదే మాట అన్నవాణ్ణి.

నాలుగో ఆయన మాత్రం వేరే మాటన్నాడు. నాకదే అసలు మాటనిపించింది. "మన బండ్లలో నెలకి రెండు ట్రిప్పులు ఎక్కువేసుకునే పోతున్నాం కదరా. అందుకే మనకి గొంతు లేదు." లెక్క తీశాం. మూడు టన్నులు ఎక్కువుంటే చట్టం ప్రకారం 20,000, ఆపైన టన్నుకి 2,000 చొప్పున ఇంకో 6,000. ఎక్కువ సరుకు అక్కడే దించాలి, దించిన కూలీ మనదే. డ్రైవరు ఒక్కడే ఉన్నా, ఓనరుకి తెలిసే చేశాడని కోర్టు అనుకోవచ్చు. 26,000 ఎక్కడ, రెండు వేలెక్కడ. ఈ తేడా మీదే మామూళ్ల గడి బతుకుతోంది. నిజంగా ఎక్కువేసిన రోజు రెండు వేలు మనకి చవక. ఆ చవకకి అలవాటు పడ్డాం కాబట్టే, ఏ తప్పూ లేని రోజు కూడా అదే రేటు అడుగుతున్నారు. 2018 జులైలో కేంద్రం ఇరుసు బరువులు పెంచింది కదా. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకి 10.2 నుంచి 11.5 టన్నులు, జంట ఇరుసుకి 19 నుంచి 21. అదీ చాలలేదు మనకి.

నేనూ వేశాను ఎక్కువ. రెండేళ్ల కిందట తిరుగు లోడులో వేశాను, ఒకసారి కాదు. ఇది రాయకపోతే ఈ పుస్తకానికి అర్థం లేదు.

ఏప్రిల్ 14, సోమవారం

అంబేడ్కర్ జయంతి. ఆఫీసులు లేవు. మధ్యాహ్నం బండి వచ్చింది. బాబాయి వీధి అరుగు మీదే కూర్చోబోతే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. మా ఆవిడ ఇద్దరికీ అన్నం పెట్టింది.

తిన్నాక అడిగాను. "చెప్పులెందుకు విప్పావు బాబాయ్?"

చాలాసేపు చెయ్యి తుడుచుకుంటూ కూర్చున్నాడు. "కుర్రోణ్ణి కొట్టకుండా ఉంటారని బాబూ. మనం తగ్గితే వాళ్లూ తగ్గుతారు."

ఇదంతా ఆయన ఎక్కడా చదువుకుంది కాదు. ముప్ఫై ఏళ్ల రోడ్డు నేర్పింది. 2020లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్లు లారీ డ్రైవర్ల మీద చేసిన సర్వేలో ట్రాఫిక్, హైవే పోలీసులకి డబ్బులిచ్చామన్నవాళ్లు 67 శాతం. గువాహటిలో 97 శాతం పైన. ఆ అంకె నేను పేపర్లో చదివి పక్కన పెట్టేశాను. మా ఇంట్లో అన్నం తింటున్నది ఆ అంకెలోని మనిషేనని అప్పుడు తోచలేదు.

2020 లాక్‌డౌన్ గుర్తొచ్చింది. మార్చి 29న హోం శాఖ, సరుకు ఏదైనా సరే లారీల్ని ఆపొద్దని రాసింది. ఆ ఉత్తరం నా ఫోనుకి అదే రోజు వచ్చింది. బాబాయి రెండు రోజులు బోర్డరులో నిలబడ్డాడు. కాగితం నా దగ్గరుంది, నిలబడేది ఆయన. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఫిర్యాదు సంగతి చెప్పాను. భయపడ్డాడు. "నా పేరు రాస్తారా?" అన్నాడు. రాయాలి, డబ్బు ఇచ్చింది నీ చేత్తో కదా, కానీ ఇవ్వమన్నది నేను, నా పేరు ముందుంటుంది అన్నాను. బండి ఆగితే ఆ రోజుల బత్తా నేనిస్తాను, కేసు వస్తే ప్లీడరు ఖర్చు నాది, ఎక్కడికి పిలిచినా నేనే వెంట వస్తాను అని చెప్పాను. ఈ మాటలు నోటితో చెప్పి వదిలెయ్యకుండా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మా ఆవిడ కూడా పెట్టింది.

ఏప్రిల్ 15, మంగళవారం

ఇద్దరం వెళ్లి ఏసీబీ వాళ్లకి రాతపూర్వకంగా ఇచ్చాం. ముందు వాళ్ల 1064 నంబరుకి ఫోను చేసి కనుక్కున్నాను. తారీకు, వేళ, చోటు, ఎంత అడిగారు, ఎంత ఇచ్చాం, కాటా చీటీ నకలు, ఆ వేళ డిజిలాకర్లో ఉన్న పత్రాల నకళ్లు. ఆ మనిషి పేరు రాయలేకపోయాం, ఛాతీ మీద పేరు పలక లేదు. ఆరో రోజు ఇది. బయటికొచ్చాక బాబాయి మంచినీళ్లు అడిగి సీసా మొత్తం తాగేశాడు.

ఏప్రిల్ 22, మంగళవారం

కేబిన్లో అద్దం పైన ఒక కాగితం అంటించాం. లామినేషను చేయించాను. పెద్దక్షరాలతో, బాబాయి చదవగలిగేటట్టు. ప్లీడరు గారు దిద్దిచ్చారు.

బండి ఆపమంటే ఆపాలి. ఇంజను ఆపి, లోపలి లైటు వేసి, నమస్కారం సార్ అని చెప్పి, అడిగిన పత్రాలు ఫోనులో గానీ ఫైల్లో గానీ చూపించాలి. ఏ తప్పుకి చలానా రాస్తున్నారో మర్యాదగా అడగాలి. లైసెన్సు తీసుకుంటే రసీదు అడగాలి. ఓవర్‌లోడంటే కాటాకి వస్తామనాలి. డబ్బు కడితే రసీదుతోనే కట్టాలి. అరెస్టు చేస్తామంటే కారణం చెప్పమనాలి, ఓనరుకి ఫోను చేసి చెప్పాలి. 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు చేసే పోలీసుకి పేరు కనపడే పలక ఉండాలంది. మాట జారకూడదు, చెయ్యి తగలకూడదు, దారికి అడ్డుపడకూడదు. చెయ్యి చేసుకుంటే న్యాయ సంహిత 132వ సెక్షను కింద మన మీదే కేసవుతుంది, అప్పటిదాకా మన వైపున్న న్యాయం పోతుంది.

చివరి లైను మా ఆవిడ చేర్చమంది. "చెప్పులు వేసుకుని దిగాలి."

పత్రాల నకళ్లు ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి సీటు వెనక కట్టాం. కాటా చీటీకి వేరే జేబు. తిరుగు లోడు ఉంటే ఈ-వే బిల్లు కూడా అందులోనే. పచ్చిచేపకి అక్కర్లేదు గానీ తిరుగు సరుకుకి కావాలి, 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున గడువు చూసుకోవాలి.

ఏప్రిల్ 30, బుధవారం

నిన్న రాత్రి పదకొండున్నరకి ఫోను. "ఆపారు బాబూ" అన్నాడు, గొంతు మామూలుగానే ఉంది. వెనక ఎర్రలైటు ఒకటి వెలగడం లేదట. ఎస్సై గారు ఫోనులో పత్రాలు చూసి, సరేనని, లైటుకి మాత్రం ఈ-చలానా రాశారు. లైటు మార్చుకునే వెళ్లండి, చీకట్లో వెనకొచ్చేవాడికి కనపడదు, చచ్చిపోతారు అని కూడా చెప్పారట. పన్నెండు నిమిషాల్లో వదిలేశారు. చలానా నిజం, తప్పు మాదే, పొద్దున్నే కట్టేశాను. ఈ రోజు ఆ ఎస్సై గారి గురించి కూడా రాసి పెట్టాలనిపించింది. లైటు మార్చమని నాకు చెప్పాల్సింది ఆయన కాదు, లోడెత్తే ముందు నేను చూసుకోవాల్సింది.

మే 4, ఆదివారం

ఫిర్యాదుకి నంబరు ఇచ్చారు. ఇంకా పిలుపు రాలేదు. రోజూ ఉదయం ఫోను చూసుకుంటున్నాను.

టీ కొట్టు దగ్గర ఆ నాలుగో ఆయన మా కేబిన్ కాగితం నకలు తీసుకున్నాడు. వద్దన్న ముగ్గురిలో ఒకాయన రాత్రి ఇంటికొచ్చి ఇంకోటి అడిగాడు. ఇచ్చాను. ఒక్కటే చెప్పాను. కాగితం ఒక్కటే అంటిస్తే పనిచెయ్యదు, తూకం హద్దులో పెట్టు, అర్ధరాత్రి డ్రైవరు ఫోను చేస్తే ఎత్తు, తెంపెయ్ అనకు.

ఏప్రిల్ ట్రిప్పు షీట్లు మా ఆవిడ కూడింది. ఆరో గడిలో ఆ రెండు వేలే ఉన్నాయి, తొమ్మిదో తారీకువి. మే నెలకి కొత్త షీట్లు గీసింది. ఐదు గడులే గీసింది.